బైసెప్స్‌కి ముందు స్క్వాట్స్ చేస్తే హార్మోన్లు లేస్తాయా? టెస్టోస్టిరాన్ 290 వచ్చింది, సలహా కావాలి

కూర్మన్నపాలెం_కుర్రోడు
మా జిమ్ కోచ్‌ది ఒకటే పోరు. బైసెప్స్ చేసే ముందు స్క్వాట్స్, అంటే కాళ్ల వర్కవుట్, చేసి తీరాలంట, అప్పుడు టెస్టోస్టిరాన్, గ్రోత్ హార్మోన్ రెండూ ఒక్కసారిగా లేస్తాయంట, ఆ ఊపులో చేతులు చేస్తే డబుల్ పెరుగుతాయంట. సెట్‌కి సెట్‌కి మధ్య నిమిషం కంటే కూర్చోనివ్వడు, ఎక్కువ కూర్చుంటే హార్మోన్ పడిపోద్దంట. నిమిషం రెస్ట్‌తో స్క్వాట్స్ చేశాక నాకు డంబెల్ కాదు కదా వాటర్ బాటిల్ ఎత్తే ఓపిక కూడా ఉండట్లేదు. ఇది చాలదన్నట్టు మొన్న సి షిఫ్ట్ (నైట్ డ్యూటీ) దిగి, కాసేపు పడుకుని లేచి, సాయంత్రం జిమ్ చేసి అటునుంచి అటే ల్యాబ్‌కెళ్లి టెస్టోస్టిరాన్ చేయించుకున్నా. 290 వచ్చింది, రిపోర్టులో కింద హద్దు 300 అని రాసి నాది బోల్డ్‌లో వేశారు. వయసు 29. కోచ్‌కి చూపిస్తే నాకు ముందే తెలుసు అని ఒక బూస్టర్ డబ్బా తీశాడు, దాంతో అవ్వకపోతే టెస్టోస్టిరాన్ సూది ఉంది అన్నాడు. ఇంట్లో సంబంధాలు చూస్తన్నారు. భయంగా ఉంది. ఇందులో ఏది నిజం ఏది డబ్బా?

ఎంవీపీ_మావయ్య
సంబంధాలోళ్లు అడిగేది శాలరీ స్లిప్పు బాబూ, ఈ రిపోర్టు ఎవడూ అడగడు. బీరువాలో పెట్టేయ్.

హార్బర్_అప్పల్రాజు
మావయ్య జోకులకేం గానీ కోచ్ చెప్పిందాన్లో తప్పేటీ లేదు. బరువులు ఎత్తితే హార్మోన్లు లేస్తాయి, పెద్ద కండలకి పని చెప్తే ఇంకా ఎక్కువ లేస్తాయి, ఇది ఎప్పట్నుంచో రాస్తనే ఉన్నారు. నాను రెండేళ్లు ఉత్త చేతులే చేసేవోడ్ని, ఏటీ రాలేదు. కాళ్లు మొదలెట్టాక మొత్తం బాడీ మారిపోయింది. నా ఒంటి మీద చూసిందాన్ని ఎవడు కాదంటాడు?

సీతమ్మధార_సందేహి
అన్నా కాళ్లు మొదలెట్టినప్పుడే తిండి కూడా పెంచుంటావ్. నిజం చెప్పు.

హార్బర్_అప్పల్రాజు
పెంచాను. చేపలు ఇంట్లోకే వస్తాయి కదా మాకు. అయితే ఏటి?

కండ_కబుర్లు
అయితే చాలా ఉంది రాజన్నా. లేస్తాయా అంటే లేస్తాయి, అందులో గొడవ లేదు. అమెరికాలో క్రేమర్ అనే ఆయన బృందం 90ల్లోనే కొలిచింది. పెద్ద కండలు, ఓ మోస్తరు బరువు, పది చొప్పున రెప్స్, తక్కువ రెస్ట్, ఇలా చేస్తే గ్రోత్ హార్మోన్ బాగా లేస్తుంది, టెస్టోస్టిరాన్ కొంచెం లేస్తుంది. మీ కోచ్‌లందరి పాఠం అక్కడ్నుంచి దిగిందే. కానీ లేచింది ఎంతసేపు ఉంటుంది? మహా అయితే గంట, చాలామందిలో అరగంటకే దిగిపోతుంది.

అసలు ప్రశ్న ఏంటంటే ఆ కాసేపు లేచినదాని వల్ల కండ పెరుగుతోందా లేదా అని. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో వెస్ట్, ఫిలిప్స్ వాళ్లు దీన్ని సూటిగా పరీక్ష పెట్టారు, 2010లో వచ్చింది. 12 మంది కుర్రాళ్లు. ఒక రోజు ఒక చేతికి ఉత్త కర్ల్స్, అంటే బైసెప్స్ వర్కవుట్. ఇంకో రోజు రెండో చేతికి అవే కర్ల్స్, వెంటనే పైన బోలెడు లెగ్ వర్కవుట్. అంటే మనిషి అతనే, తిండి అదే, నిద్ర అదే, ఒక చేతికి మాత్రం హార్మోన్ల వరద. 15 వారాలు చేశాక కొలిస్తే రెండు చేతులూ దాదాపు ఒకేలా పెరిగాయి, బలం కూడా అంతే. వరద వచ్చిన చెయ్యికి పైసా లాభం లేదు.

ఆర్‌కే బీచ్‌లో నిలబడితే కెరటం వచ్చి మోకాళ్ల దాకా తడిపి పోతుంది, అంతమాత్రాన సముద్రం మట్టం పెరిగినట్టా? ఇదీ అంతే. కండ పెరిగేది ఆ కండ మీద పడిన బరువు వల్ల, ఆ లాగుడుకి కండ కణంలోనే సిగ్నల్ పుట్టి ప్రొటీన్ తయారీ మొదలవుతుంది. పనిచేసిన కండలోనే అవుతుంది, అందుకే కుడి చెయ్యి చేస్తే కుడి చెయ్యే పెరుగుతుంది.

హార్బర్_అప్పల్రాజు
నీకు కెనడా ఉంటే నాకు నార్వే ఉంది. 2011లో వాళ్లు కూడా ఇలాగే ఒక చెయ్యికి ముందు కాళ్లు చేయించి, రెండో చెయ్యికి చేయించకుండా చూశారు. కాళ్లు ముందు చేసిన చెయ్యే మేలు అని తేలింది. ఇది ఎందుకు చెప్పవు?

కండ_కబుర్లు
చెప్తా, దాచేదేముంది. ఆ పేపర్ ఉంది, తేడా కూడా చూపించారు. కానీ మనుషులు చాలా తక్కువ, తేడా కూడా చేతిలో కొన్ని కొలతల దగ్గరే ఎక్కువ కనపడింది. పైగా వాళ్లు కాళ్లు ముందు చేయించారు, కెనడా వాళ్లు తర్వాత చేయించారు. ముందు చేస్తే ఒళ్లు వేడెక్కి రక్తం బాగా తిరుగుతుంది, అది కూడా కారణం అయ్యుండొచ్చు. తర్వాత మెక్‌మాస్టర్ వాళ్లే 56 మందిని 12 వారాలు చూశారు, 2016లో ఇంకో 49 మందిని, వీళ్లు అప్పటికే ఎత్తే అలవాటున్నోళ్లు. వర్కవుట్ అయ్యాక ఎవడికి టెస్టోస్టిరాన్ ఎక్కువ లేచిందో వాడికి కండ ఎక్కువ పెరిగిందా అంటే సంబంధమే కనపడలేదు. ఒక పక్క నీ నార్వే, ఇంకో పక్క ఇవన్నీ. నాకైతే తక్కెడ ఎటు మొగ్గిందో స్పష్టంగానే ఉంది, నీ ఇష్టం.

హార్బర్_అప్పల్రాజు
నాను కాళ్లే ముందు చేస్తాను. అలవాటైపోయింది.

కండ_కబుర్లు
చెయ్యి గురూ, కాళ్ల కోసం చెయ్యి. చేతుల కోసం అని చెప్పి కొత్త కుర్రాళ్లని చంపొద్దంటున్నా అంతే. ఆ నిమిషం రెస్ట్ గోల కూడా అదే. 2016లో షోన్‌ఫెల్డ్ వాళ్లు ఒక గుంపుకి నిమిషం రెస్ట్, ఇంకో గుంపుకి 3 నిమిషాలు ఇచ్చి 8 వారాలు చేయించారు. 3 నిమిషాలు కూర్చున్నోళ్లకే బలం ఎక్కువొచ్చింది, తొడ కండ కూడా. కారణం తేలికే, ఊపిరి అందితే తర్వాత సెట్‌లో ఎక్కువ ఎత్తగలవు. హార్మోన్ చూసుకుంటే నిమిషం వాళ్లే గెలవాలి మరి.

పెందుర్తి_పహిల్వాన్
గ్రోత్ హార్మోన్ లేస్తే చాలు అనుకుంటే ఆవిరి గదిలో కూర్చున్నా లేస్తుంది. ఆ లెక్కన మే నెలలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర నిండిపోయిన సిటీ బస్సులో నిలబడ్డోళ్లందరికీ ఈపాటికి ఆరు పలకలు వచ్చుండాలి.

ఎంవీపీ_మావయ్య
కండక్టర్‌కి అయితే పన్నెండు.

బ్యాంకు_బాబ్జీ
కోడి రామ్మూర్తి నాయుడు గారు ఏ హార్మోన్ చూసుకుని గొలుసులు తెంపారండీ? 1882లో వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామశాల పెట్టి కుర్రాళ్లని తయారుచేశారాయన. టెస్టోస్టిరాన్ అనేదాన్ని విడదీసి ఆ పేరు పెట్టిందే 1935లో. అప్పటికి ఆయన ప్రదర్శనలిచ్చి, పేరు తెచ్చుకుని, పెద్దవారైపోయారు. పేరు తెలీకుండానే పనిచేసింది ఒంట్లో ఉన్నది.

పగలు_ఓపీ_రాత్రి_డంబెల్
హార్మోన్ల విభాగంలో పనిచేస్తాను, ఊరు ఇదే, పేరు అడక్కండి. కోచ్ సంగతి మీరంతా తేల్చారు, నేను ఆ 290 సంగతి చెప్తా, ఎందుకంటే ఈ థ్రెడ్‌లో అసలు తప్పు అక్కడ జరిగింది.

టెస్టోస్టిరాన్ రోజంతా ఒకేలా ఉండదు. నిద్రలో పెరుగుతుంది, లేచేసరికి బాగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది, మీ వయసు వాళ్లలో ఈ తేడా ఎక్కువ. అందుకే పొద్దున్న 7 నుంచి 10 లోపు, పరగడుపున తియ్యమంటాం. మీరేమో సి షిఫ్ట్ చేసి వచ్చి, పగలు అరకొర నిద్రపోయి, సాయంత్రం, అది కూడా వర్కవుట్ అయిన తర్వాత ఇచ్చారు. వర్కవుట్‌లో కాస్త లేచినది తర్వాత మామూలు కంటే కిందికి దిగడం కూడా ఉంటుంది. ఏ ఒక్కటీ సరిగ్గా లేని టైమ్‌లో 290 వస్తే దాన్ని పట్టుకుని జబ్బు అనడానికి లేదు.

నిద్ర ఎంత పని చేస్తుందంటే, షికాగోలో 10 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని వారం రోజులు రాత్రికి 5 గంటలే పడుకోనిచ్చి చూశారు, 2011లో వచ్చింది. పగటి పూట టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. ఏ డబ్బా అయినా అంత పెంచితే వాళ్లు హోర్డింగ్ కట్టేవాళ్లు, ఇక్కడ నిద్ర పీకేస్తే ఊరికే పోతోంది.

చెయ్యాల్సింది: నైట్‌లు లేని వారం చూసుకోండి, నాలుగు రోజులు సరిగ్గా పడుకోండి, ముందురోజు హెవీ వర్కవుట్ వద్దు, జ్వరం జలుబు ఉంటే ఆగండి, పొద్దున్నే పరగడుపున ఇవ్వండి. అప్పుడు కూడా తక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ. రెండుసార్లూ తక్కువ, పైగా కోరిక తగ్గడం, పొద్దున్న అంగస్తంభన లేకపోవడం లాంటి లక్షణాలు ఉంటే అప్పుడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అని పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్లు చూస్తాం. అప్పటిదాకా సూది మాట ఎత్తొద్దు.

కూర్మన్నపాలెం_కుర్రోడు
సార్ మీరు చెప్పిన లక్షణాలు ఏమీ లేవు. నిద్ర మాత్రం నైట్ల వారంలో నాలుగు గంటలు దాటదు, ఇంటి పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారు, పొద్దున్నే టైల్స్ కోస్తారు.

పగలు_ఓపీ_రాత్రి_డంబెల్
అయితే ముందు కిటికీకి మందపాటి కర్టెన్లు, చెవుల్లో దూది. నేను ఎగతాళికి అనట్లేదు.

సీతమ్మధార_సందేహి
డబ్బా మీద ఏం రాసుంది బ్రో? ట్రైబ్యులస్ అని ఉందా?

కూర్మన్నపాలెం_కుర్రోడు
అదే మొదటి పేరు. తర్వాత అశ్వగంధ, జింక్, మెంతులు.

సీతమ్మధార_సందేహి
ట్రైబ్యులస్ అంటే పల్లేరు. చిన్నప్పుడు ఖాళీ స్థలాల్లో క్రికెట్ ఆడుతుంటే చెప్పుల్లోంచి గుచ్చుకునేదే. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆటగాళ్లకి 5 వారాలు ఇచ్చి చూశారు, హార్మోనూ పెరగలేదు, బలమూ ఉత్తుత్తి మాత్ర మింగినోళ్ల కంటే పెరగలేదు. మూడు వేలు పెట్టి పల్లేరు కాయలు కొంటావా?

లావణ్య_లిఫ్ట్స్
అశ్వగంధకి మాత్రం కొన్ని చిన్న స్టడీల్లో కాస్త పెరిగినట్టు వచ్చింది, అది కూడా చెప్పాలి. అలాగే కొంతమందికి లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. ఆయుర్వేదం కదా ఏమీ అవ్వదు అని గుప్పెళ్లు మింగకండి.

ఎంవీపీ_మావయ్య
ఇంత దూరం వచ్చి ఎవ్వరూ మాడుగుల హల్వా ఎత్తలేదంటే మనం విశాఖ జిల్లా వాళ్లమేనా అసలు? కొత్త పెళ్లికొడుకులకి ఊరికే పెడతారా?

పెందుర్తి_పహిల్వాన్
మావయ్యా అందులో గోధుమ పాలు, పంచదార, నెయ్యి, జీడిపప్పు. బల్కింగ్‌కి మాత్రం తిరుగులేదు.

బ్యాంకు_బాబ్జీ
నేను పెళ్లి నుంచి తింటూనే ఉన్నా. పెరిగింది షుగర్.

తగరపువలస_తమ్ముడు
సూది విషయం ఎవరూ సీరియస్‌గా మాట్లాడట్లేదు, నేను చెప్తా. మా పెద్దమ్మ కొడుకు ఊళ్లోనే ఒక జిమ్‌లో మొదలెట్టాడు. మొదట్లో చూడాలి వాడ్ని, నాలుగు నెలల్లో షర్టులన్నీ చిరిగిపోయేంత అయ్యాడు, పెళ్లిలో అందరూ వాడితోనే ఫోటోలు. తర్వాత పిల్లలు పుట్టట్లేదని టెస్టు చేయిస్తే వీర్యకణాలు సున్నా అన్నారు. మా వదినని ఎన్ని మాటలన్నారో చుట్టాలు అప్పటిదాకా, లోపం ఆవిడదే అన్నట్టు. ఛాతీ దగ్గర ఆడవాళ్లకి వచ్చినట్టు గడ్డలు కూడా వచ్చాయి. ఆపేసి చాలాకాలం ట్రీట్‌మెంట్ తీసుకున్నాక ఇప్పుడు కొంచెం కొంచెం వస్తున్నాయంటున్నారు. కోచ్ మాత్రం ఫోన్ ఎత్తట్లేదు.

పగలు_ఓపీ_రాత్రి_డంబెల్
ఇది మేం ఓపీలో తరచూ చూసేదే. బయట నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు కింద ఉన్న పిట్యూటరీ 'సరుకు చాలా ఉంది' అని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం ఆపేస్తుంది. ఆ రెండూ లేకపోతే వృషణాలు పని మానేస్తాయి, చిన్నవి కూడా అవుతాయి, వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, ఛాతీ గడ్డలు అందుకే. రక్తం చిక్కబడుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. ఆపితే చాలామందికి తిరిగి వస్తుంది కానీ నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది పైనే, కొందరికి పూర్తిగా రాదు. పెళ్లి చేసుకోబోయే కుర్రాడికి కోచ్ ఇవ్వాల్సిన సలహానా ఇది?

హార్బర్_అప్పల్రాజు
ఇక్కడే నాకు డౌటు. హార్మోన్ వల్ల కండ పెరగదు అని పైన అన్నారు. మరి సూదేసుకున్నోడు షర్టులు ఎలాగ చించేస్తన్నాడు?

కండ_కబుర్లు
మంచి పాయింట్ పట్టావ్. హార్మోన్ పనిచెయ్యదు అని నేను అనలేదు, వర్కవుట్ తర్వాత అరగంట లేచేది లెక్కలోకి రాదన్నా. సూదితో లేచేది మామూలు హద్దుకి ఎన్నో రెట్లు, రాత్రీ పగలూ, వారాలపాటు అలాగే ఉంటుంది. 1996లో భసీన్ అనే డాక్టర్ బృందం అమెరికాలో చేసింది, వారానికి 600 మిల్లీగ్రాములు, 10 వారాలు. వ్యాయామం లేకుండా ఉత్త సూది తీసుకున్నోళ్లకి కొవ్వు కాని బరువు 3 కిలోల పైచిలుకు పెరిగింది, సూది లేకుండా బరువులెత్తినోళ్లకి 2 కిలోల దగ్గర, రెండూ చేసినోళ్లకి 6 కిలోలు. అంటే సోఫాలో కూర్చుని సూదేసుకున్నోడు మనం చెమటోడ్చిన దాని కంటే ఎక్కువ పెరిగాడు. మందు పనిచేస్తుంది కాబట్టే జనం వాడుతున్నారు, పనిచెయ్యదని అబద్ధం చెప్పి ఆపలేం. తగరపువలస తమ్ముడు చెప్పింది చెప్పే ఆపాలి.

లావణ్య_లిఫ్ట్స్
మగాళ్ల గోలే నడుస్తోంది కాబట్టి నేనొకటి. డంబెల్ పట్టుకుంటే మగరాయుడిలా అయిపోతావని మా అత్తగారు మొదట్లో తిండి మానేసినంత పని చేశారు. ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ 15 నుంచి 70 మధ్య ఉంటుంది, మగాళ్లతో పోలిస్తే పదో వంతో ఇరవయ్యో వంతో. వర్కవుట్ చేశాక మాకు పెద్దగా లేవదు కూడా. అయినా మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఎంత శాతం పెరిగాం అని చూస్తే ఆడవాళ్లూ మగాళ్లూ దాదాపు సమానం, అసలు మొదలుపెట్టిన చోటే వేరు. కండకి హార్మోన్ వరదే కావాలంటే మాకు ఏమీ రాకూడదు కదా? ఆమదాలవలస నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో 69 కిలోల కేటగిరీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. మా అత్తగారికి ఈ మాట చెప్పాకే డంబెల్స్ ఇంట్లోకి రానిచ్చారు, శ్రీకాకుళం ఆవిడే లెండి.

పెందుర్తి_పహిల్వాన్
శ్రీకాకుళం అనగానే కేసు గెలిచేశారు మేడమ్.

గోపాలపట్నం_గణేష్
నాది వేరే డౌట్. 45 నిమిషాలు దాటితే కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ లేచి కండని తినేస్తుందంటారు, అందుకని నేను అలారం పెట్టుకుని మధ్యలో ఆపేస్తున్నా. కరెక్టేనా?

కండ_కబుర్లు
అలారం తీసెయ్. కార్టిసాల్ లేస్తుంది, లేవాలి కూడా, కష్టపడేటప్పుడు ఒంటికి ఇంధనం అందించేది అదే. ఇందాక చెప్పిన 56 మందిలో తమాషా ఏంటంటే వర్కవుట్ తర్వాత కార్టిసాల్ ఎక్కువ లేచినోళ్లకే కండ కొంచెం ఎక్కువ పెరిగినట్టు కనపడింది, సంబంధం బలంగా లేదనుకో, కానీ తినేస్తుందన్న దానికి పూర్తి రివర్స్. రోజుల తరబడి దిగకుండా ఉండే కార్టిసాల్ వేరే సంగతి, అది నిద్ర లేక, తిండి చాలక, టెన్షన్‌తో వచ్చేది.

పగలు_ఓపీ_రాత్రి_డంబెల్
తిండి చాలక అన్నారు కాబట్టి, పెళ్లిళ్ల సీజన్‌కి సన్నబడాలని ఒక్కపూట తిని రెండు గంటలు జిమ్ చేసే కుర్రాళ్లలో కూడా టెస్టోస్టిరాన్ పడిపోతుంది. ఒంటికి తిండి అందట్లేదు అనిపిస్తే ముందు ఆపేసే ఖర్చు ఇదే. దానికి మందు భోజనం.

ఎంవీపీ_మావయ్య
చివరికి నా పార్టీలోకే వచ్చారు డాక్టరు గారు.

గోపాలపట్నం_గణేష్
ఇంకొకటి, మా అమ్మకి 57, షుగర్. మాత్రలే, ఇన్సులిన్ సూది లేదు. నడక ఒక్కటే చేస్తుంది. ఆవిడకి బరువులు పనికొస్తాయా, ఈ హార్మోన్ల గొడవ ఆవిడకేమైనా ఉందా?

పగలు_ఓపీ_రాత్రి_డంబెల్
నన్నడిగితే ఈ థ్రెడ్ మొత్తంలో హార్మోన్ పరంగా ఎక్కువ లాభం మీ అమ్మగారికే. షుగర్‌లో ఇన్సులిన్ చెప్పిన మాట కండ వినదు. కానీ కండ పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో సంబంధం లేకుండానే గ్లూట్-4 అనే ప్రొటీన్ కణం పైకి వచ్చి గ్లూకోజ్‌ని లోపలికి లాగుతుంది. వర్కవుట్ అయ్యాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట కండకి బాగా వినపడుతుంది, అందుకే రెండు రోజులు మించి గ్యాప్ ఇవ్వొద్దంటాం. నడక మానక్కర్లేదు, దానికి తోడు వారంలో రెండు మూడు రోజులు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి పుషప్స్, రబ్బర్ బ్యాండ్ లాగడం చాలు మొదట్లో. ముందు బీపీ, కళ్లు చూపించండి, కంటి వెనక రక్తనాళాలు పాడై ఉంటే ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు. మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉందా?

గోపాలపట్నం_గణేష్
ఉంది సార్, మెట్‌ఫార్మిన్‌తో కలిపిన మాత్ర.

పగలు_ఓపీ_రాత్రి_డంబెల్
అయితే పరగడుపున చేయించొద్దు, షుగర్ బాగా దిగిపోవచ్చు. టిఫిన్ అయిన గంటకి చేయించండి, పక్కన పంచదార గానీ గ్లూకోజ్ గానీ పెట్టండి. చెమటలు, వణుకు వస్తే ఆపి వెంటనే తినిపించాలి. మొదలెట్టాక రీడింగ్‌లు తగ్గుతుంటే మీ డాక్టర్‌కి చూపించండి, డోసు ఆయన తగ్గిస్తారు, మీరు తగ్గించొద్దు.

గోపాలపట్నం_గణేష్
సరే సార్. పక్కనే కూర్చుని వింటోంది. చీరతో చెయ్యొచ్చా, ట్రాక్ ప్యాంటు వేసుకోమంటే మాత్రం నేను చెయ్యను అంటోంది.

లావణ్య_లిఫ్ట్స్
మా అత్తగారు ఇప్పుడు చీరలోనే చేస్తున్నారు గణేష్ గారూ. కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమనండి, కాళ్లకి అడ్డం పడకూడదు. కుర్చీ గోడకి ఆనించి పెట్టండి, ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారిపోద్ది.